తాత చదరంగం, హాస్టల్ చదరంగం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు వచ్చి అడిగారు. చదువు గురించీ క్రమశిక్షణ గురించీ పెద్దలు ఎలాగూ రాస్తారు గదా, నేను ఆట గురించి రాస్తానన్నాను. వాళ్ళు కొంచెం నిరాశపడ్డట్టే కనిపించారు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ హాస్టల్లో నేను నేర్చుకున్న ఒక మంచీ, ఇక్కడ నేర్చుకున్నదాన్ని చూసుకుని చేసిన ఒక తప్పూ, రెండూ చదరంగం బల్ల దగ్గరే జరిగాయి.

ఈ మధ్య హైదరాబాదులో మా అన్నయ్య కొడుకు ఉండే గదికి వెళ్ళాను. ఐదుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడుతున్నారు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో తయారుచేసిన ఆట అట. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్ళు తలా ఒక వేషం తీసుకుంటారు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు గాయాలు మాన్పే పూజారి. తెనాలి వాళ్ళకు నాటకాలు కొత్తేమీ కాదు గాని, ఈ నాటకంలో స్టేజీ లేదు, ముఖానికి రంగు లేదు, ముందే రాసుకున్న మాటలు లేవు. వేషధారి ఏం చేస్తానంటాడో చెబుతాడు, అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు.

ఈ ఆట రూల్సు పుస్తకం కొన్నేళ్ళకోసారి మారుతుందట. 2008లో వచ్చిన నాలుగో ముద్రణ అంటే చాలామందికి పడదట. అన్ని వేషాలూ ఒకేలా ఉన్నాయని, కంప్యూటర్ గేమ్ లాగా చేసేశారని విసుక్కుని, కొందరు పాత రూల్సుకే వెళ్ళిపోయారట. 2014లో ఐదోది వచ్చాక నాలుగోదాన్ని ఎగతాళి చెయ్యడం మరీ మామూలైపోయిందట. ఆ రోజు వీళ్ళు కూడా ఎవరి దగ్గరో దొరికిన నాలుగో ముద్రణ పుస్తకం పెట్టుకుని, నవ్వుకోవడానికే ఆట మొదలుపెట్టారు. రెండు గంటలయ్యాక కత్తివీరుడి వేషం వేసిన కుర్రాడు మెల్లగా అన్నాడు: "కానీ, ఇందులో నాకు చాలా పని ఉందిరా. వేరే రూల్సులో నా వంతు వస్తే 'కొడతాను' అనటం తప్ప ఏముంది? మంత్రగాడే అన్నీ చేస్తాడు." పూజారి వేషం వేసినవాడు కూడా, "అవును, ఇందులో గాయం మాన్పిన వంతులోనే నేనూ ఒక దెబ్బ వెయ్యొచ్చు. ఊరికే పక్కన కూర్చోనక్కర్లేదు" అన్నాడు.

నవ్వుదామని కూర్చున్నవాళ్ళు రెండు గంటల్లో ఆ "కానీ" అనగలిగారు. అదే మాట అనటానికి నాకు ఏడేళ్ళు పట్టింది.

1988లో ఆరో తరగతిలో చేరడానికి రేపల్లె ప్యాసింజర్లో తెనాలి వచ్చాను. రేకు పెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి. అందరిలాగే నా ఆస్తీ అంతే. వాటితోపాటు నా దగ్గర ఇంకోటి ఉందనుకున్నాను. అది చదరంగం. రేపల్లె దగ్గర మా వాడలో నా ఈడు పిల్లల్లో నన్ను ఓడించేవాడు లేడు. విశ్వనాథన్ ఆనంద్ మన దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయింది కూడా ఆ సంవత్సరమే. పేపర్లో వచ్చిన ఆయన ఫొటో కత్తిరించి సీనియర్లు గోడకు అంటించారు. తలా కొంత వేసుకుని బజారులో ఒక అట్ట బల్ల, ప్లాస్టిక్ పావులు కొన్నారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దాని చుట్టూ గుంపు కూడేది.

నాకు ఆట నేర్పింది మా తాత. ఆయన చిన్నతనంలో ఒక ఆసామి దగ్గర పాలేరుగా ఉన్నాడు. ఆసామి అరుగు మీద పెద్దవాళ్ళు చదరంగం ఆడుతుంటే తాత వాకిట్లో గొడ్ల దగ్గర నిలబడి చూసేవాడు. అరుగు ఎక్కే వీల్లేదు, పావు ముట్టుకునే వీల్లేదు. ఇది ఇట్లా నడుస్తుందని చెప్పినవాళ్ళూ లేరు. చూసి చూసి నేర్చుకున్నాడు. రాత్రి ఇంటికొచ్చి నేల మీద బొగ్గుతో అరవై నాలుగు గళ్ళు గీసి, చింతగింజలూ పెంకు ముక్కలూ పేర్చి మా వాడలో వాళ్ళకు నేర్పాడు. మా నాన్నా బాబాయిలూ, ఆ తర్వాత మేమూ అట్లా నేర్చుకున్నవాళ్ళమే.

తాత రూల్సులో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది, మొదటి ఎత్తయినా సరే. రాజు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలాగా గెంతవచ్చు. బంటు అవతలి చివరికి చేరితే, ఏ పావు గీత మీద చేరిందో ఆ పావు అవుతుంది. ఏనుగు గీత మీద చేరితే ఏనుగు, గుర్రం గీత మీద చేరితే గుర్రం, రాజు గీత మీద గాని మంత్రి గీత మీద గాని చేరితే మంత్రి. ఇంకో రూలు కూడా ఉంది. ఎదుటివాడి సైన్యాన్నంతా చంపేసి రాజును ఒంటరివాణ్ణి చేస్తే గెలిచినట్టు కాదు, ఆట సమానం. కనీసం ఒక్క పావునన్నా మిగల్చి రాజును కట్టెయ్యాలి.

హాస్టల్లో నా మొదటి ఆట పదో తరగతి అన్నతో. ఆయన మొదటి ఎత్తులోనే బంటును రెండు గళ్ళు జరిపాడు. "అన్నా, రెండు గళ్ళు దాటావు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాసేపటికి రాజును పక్కకు రెండు గళ్ళు జరిపి, ఏనుగును రాజు మీదుగా ఇవతలికి దూకించాడు. దొంగాట అన్నాను. "క్యాస్లింగ్ రా, కోట కట్టుకోవటం" అన్నారు. సరే, నా వంతు రాగానే నేను నా రాజును గుర్రంలాగా గెంతించాను. ఇక చూస్కోండి, పడీ పడీ నవ్వారు. "నాటు చదరంగం" అన్నాడొకడు. ఆ ఏడాదంతా నా పేరు గుర్రం రాజు.

పిల్లల్లో ఇట్లాంటివి మామూలే. ఆ అన్నల మీద నాకు కోపం లేదు, తర్వాత నాకు ఆట నేర్పిందీ వాళ్ళే. కానీ ఆ నవ్వు నుంచి తప్పించుకోవడానికి నేను ఎంచుకున్న దారి చెప్పాలి. ఆ ఆటను వాళ్ళకంటే బాగా నేర్చుకుని, వాళ్ళకంటే ఎక్కువగా నాటు చదరంగాన్ని వెక్కిరించటం మొదలుపెట్టాను. ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చే పిల్లలు బంటును ఒక్క గడే జరిపితే అందరికంటే ముందు నవ్వేవాణ్ణి నేనే. తొమ్మిదో తరగతికి హాస్టల్లో నాదే మొదటి స్థానం. పోటీలో స్టీలు టిఫిన్ డబ్బా బహుమతిగా వచ్చింది.

1992 సంక్రాంతి సెలవులకు ఆ డబ్బా పట్టుకుని ఇంటికెళ్ళాను. తాత సంతోషపడి ఆ సాయంత్రమే నేల మీద గళ్ళు గీశాడు. ఆట మధ్యలో ఆయన రాజు గెంతాడు. నేను పావు తీసి వెనక్కి పెట్టాను. "అట్లా కుదరదు తాతా. నీది తప్పు ఆట. పుస్తకంలో అట్లా లేదు" అన్నాను. "ఎవరన్నార్రా తప్పని?" అన్నాడు. "ప్రపంచమంతా" అన్నాను.

తాత గళ్ళవంక కాసేపు చూశాడు. చింతగింజలన్నీ ఏరి కండువా కొంగులో మూటకట్టుకున్నాడు. "అంత దూరం నుంచి చూసింది గదరా. నేనే ఎక్కడో తప్పు చూసుంటాలే" అన్నాడు.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నాతో ఆడదామని ఎప్పుడూ అనలేదు.

ఇంటర్ అయ్యాక 1995లో డిగ్రీకి బాపట్ల వెళ్ళాను. అక్కడ నా గదిలో ఉన్న మిత్రుడిది సూర్యలంక వైపు సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఒక రోజు వాడు బల్ల ముందు కూర్చుని బంటును ఒక్క గడి జరిపాడు. నేను అలవాటుగా పంతులు వేషం వేశాను. వాడు బెదరలేదు. "మా ఊళ్ళో ఇట్టాగే ఆడతాం. నీకు రాకపోతే రాదని చెప్పు" అన్నాడు. వాడి నోరు మూయించడానికి వాడి రూల్సుతోనే ఆడతానన్నాను. తమాషా ఏమంటే, ఇద్దరివీ నాటు రూల్సే అయినా ఒకటి కావు. ఒకసారి చెక్ తగిలాక రాజు గెంతకూడదని వాళ్ళ ఊరి లెక్క. తగిలినా గెంతవచ్చని మా వాడ లెక్క. అది తేల్చుకోవడానికే ఒక పూట పట్టింది. తర్వాత వరుసగా మూడు ఆటలు ఓడిపోయాను.

ఓడిపోయాక గదా ఆలోచించేది. ఆ రూల్సులో ఏముందో అప్పుడు చూశాను. పుస్తకం చూసి నేను బట్టీపట్టిన మొదటి ఎత్తులు ఒక్కటీ అక్కడ పనికిరాలేదు. బంట్లు మెల్లగా కదులుతాయి కాబట్టి రెండు సైన్యాలూ తలపడేసరికి చాలాసేపు పడుతుంది. ఈలోపు ఎవరి సైన్యాన్ని వాళ్ళు ఎట్లా నిలబెట్టుకోవాలో సొంతంగా ఆలోచించాలి. రాజు గెంతు ఒక్కసారే కాబట్టి దాన్ని దాచుకోవాలి. ఏ బంటును ముందుకు నడిపించాలన్నది ఆ గీత చివర ఏమవుతుందో చూసుకుని తేల్చుకోవాలి. ఎదుటివాడి పావులన్నీ చంపుకుంటూ పోతే చివరికి గెలుపు చేజారిపోతుంది. మూడో ఆటలో నేను అట్లాగే వాడి చేతిలో ఉన్న ఒక్క బంటు కోసం ఎగబడి ఆట పాడుచేసుకున్నాను. ఇది అంతర్జాతీయ చదరంగానికి చెడిపోయిన నకలు కాదు, ఇది వేరే ఆట. దీని బాగోగులు దీనికున్నాయి.

అప్పటినుంచి బాపట్ల లైబ్రరీలో, స్నేహితుల దగ్గర, ఎక్కడ చదరంగం గురించి దొరికినా చదివాను. చదివేకొద్దీ సిగ్గు పెరిగింది. ఒక్కో గడే నడిచే బంటు, ఒకసారి గెంతే రాజు, గీతను బట్టి మారే బంటు, ఇవన్నీ మన దేశంలో తరాలుగా ఆడిన చదరంగంలోని రూల్సే. ఆట పుట్టింది ఇక్కడ. పర్షియా మీదుగా, అరబ్బుల మీదుగా యూరప్ వెళ్ళింది. అక్కడ పదిహేనో శతాబ్దం చివరిదాకా మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే నడిచేది. దాన్ని ఎటైనా ఎంత దూరమైనా పోయే రాణిని చేసినప్పుడు, అక్కడివాళ్ళు కొందరు ఆ కొత్త ఆటకు "పిచ్చి రాణి చదరంగం" అని పేరుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నది ఆ పిచ్చి రాణి చదరంగమే. యూరప్‌లో కూడా ఒకప్పుడు రాజుకు ఒకసారి గెంతే హక్కు ఉండేది. ఆ గెంతే క్రమంగా మారి క్యాస్లింగ్ అయింది. అంటే, ఏ గెంతు చూసి మా హాస్టల్ పడీ పడీ నవ్విందో, మేము గొప్పగా కట్టుకునే కోట దాని కడుపున పుట్టిందే.

మీర్ సుల్తాన్ ఖాన్ గురించి కూడా అప్పుడే తెలిసింది. పంజాబువాడు. ఒక జమీందారు కొలువులో ఉండేవాడు. చిన్నప్పుడు నేర్చుకున్నది మన దేశపు రూల్సుతోనే. అంతర్జాతీయ రూల్సు పెద్దయ్యాక నేర్చుకున్నాడు. 1929లో యజమాని వెంట లండన్ వెళ్ళి ఆ ఏడాదే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లోనూ 1933లోనూ మళ్ళీ అయ్యాడు. 1930 చివర మొదలైన హేస్టింగ్స్ పోటీల్లో, అంతకుముందు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపబ్లాంకాను ఓడించాడు. పుస్తకాల్లో ఉన్న మొదటి ఎత్తులు ఆయనకు పెద్దగా తెలియవు. మధ్య ఆటలో, చివరి ఆటలో ఆయనకు ఎదురు నిలవడం కష్టం. 1966లో చనిపోయాడు. ఆయన ఆడిన రోజుల్లో ఇంకా ఆ బిరుదులు లేవు. 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

1996 ఎండాకాలం సెలవులకు ఇంటికెళ్ళాను. తాతకు చూపు తగ్గింది, పనికి పోవటం మానేశాడు. భోజనాలయ్యాక నేనే నేల మీద గళ్ళు గీశాను. "తాతా, నువ్వు తప్పు చూడలేదు. నువ్వు చూసిందే ఈ దేశంలో అందరూ ఆడిన ఆట. పుస్తకాల్లో ఉంది, నేను చదివాను" అని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "రాజు గెంతటం కూడా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "బంటు గీత సంగతి?" అదీ ఉందన్నాను. "అయితే అంతా సరిగ్గానే చూశా" అన్నాడు, నాతో కాదు, తనతోనే.

ఆయన రూల్సుతో ఒక ఆట ఆడాం. నేనే ఓడాను. నా దగ్గర ఒకే ఒక్క గుర్రం మిగిల్చి నా రాజును కట్టేశాడు. "ఒట్టి చేతులవాణ్ణి చేసి గెలిస్తే అదేం గెలుపురా" అన్నాడు. పావులు మళ్ళీ పేరుస్తూ, "ఇప్పుడు నీ హాస్టల్ ఆట నేర్పు" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. "అప్పుడు సరిగ్గా చూడనియ్యలేదుగా నువ్వు, తప్పని కొట్టేశావు" అన్నాడు.

చెప్పాను. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు పోవచ్చంటే, "మంచిదే. కూలికి పోయొచ్చినోడు నిద్దరపొయ్యేలోపు ఆట అయిపోద్ది" అన్నాడు. క్యాస్లింగ్ చూపిస్తే, "రాజు దాక్కున్నాడు, ఏనుగు బయటికొచ్చింది, ఒక్క ఎత్తులో రెండు పన్లు" అని తలూపాడు. అన్నిటికంటే ఆయన్ను ఆపేసింది బంటు సంగతి. అంతర్జాతీయ రూల్సులో చివరి గడికి చేరిన బంటు దేన్నయినా కోరుకోవచ్చని చెప్పాను.

"ఏ గీత మీద పోయినా?"

"ఏ గీత అయినా తాతా. అన్నీ మంత్రులు కావొచ్చు."

ఆయన చివరనున్న చింతగింజను వేలితో ఒక్కో గడీ జరుపుకుంటూ పై దాకా తీసుకెళ్ళి అక్కడ ఉంచాడు. "ఇది మంచి రూలురా అబ్బాయ్. ఇది ముందే తెలిస్తే ఇట్టాగే నేర్పేవాణ్ణి మీకు" అన్నాడు.

బాపట్లలో నాకు బాగా నచ్చిన రూలు ఆ గీత రూలే. ఎంతో ఆలోచన ఉందని మెచ్చుకున్నాను. ఆయన జీవితమంతా ఆ రూలుతో ఆడినవాడు, ఇంకోటుందని తెలియగానే దాన్ని వదిలేశాడు. నేను ఆయన ఆటలో గొప్పతనం వెతుకుతుంటే ఆయన నా ఆటలో వెతికాడు. నాకంటే ఆయనే తొందరగా కనిపెట్టాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆయన ఆట ఒకటి, నా ఆట ఒకటి ఆడేవాళ్ళం. ఏది ముందన్న దాని మీదే మాకు పోట్లాట.

తమ్ముళ్ళారా, రూల్సన్నీ ఒకటేనని నేను చెప్పటం లేదు. పోటీకి వెళ్తే అక్కడి రూల్సు తెలియాలి. గుంటూరు పిల్లలు హరికృష్ణ 2001లో, హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయ్యారంటే ప్రపంచమంతా ఒప్పుకున్న ఆటను నేర్చుకోబట్టే. ఆ ఆట నేర్పిన మన హాస్టల్‌కు నేను రుణపడి ఉన్నాను. కానీ ఒక ఆట మనకు నచ్చనప్పుడు, దాన్ని దాని రూల్సుతో నాలుగు సార్లు ఆడకుండా తీసిపారెయ్యకండి. నేను వెక్కిరించింది ఆటను కాదు, ఆ ఆట ఆడే మనుషుల్ని. వాళ్ళలో మా తాత ఉన్నాడు, నా చిన్నతనం కూడా ఉంది. ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరైనా బంటును ఒక్క గడి జరిపితే, నవ్వే ముందు ఆ ఊరి రూల్సు ఏమిటో అడగండి.

అందుకే ఈ వార్షికోత్సవానికి మన హాస్టల్‌కు రెండు చదరంగం బల్లలు ఇస్తున్నాను. ఒకదాని అట్ట వెనక అంతర్జాతీయ రూల్సు రాశాను. రెండోదాని వెనక మా తాత రూల్సు రాశాను. దాని కింద కొంచెం ఖాళీ వదిలాను. మీ ఊరి రూలు వేరే ఉంటే అక్కడ రాయండి.

శుభాకాంక్షలతో,
ఒక పూర్వ విద్యార్థి